కమ్నాన్‌గారికి వేణ్ణీళ్ళు

నవంబరు 26

భిక్షువుల్లో చేర్చుకోడానికి నిన్న మా ఆయనకి గుండు గీశారు. మొదటి కుచ్చు భార్యే కోయాలన్నారు, కోశాను. రాలిన జుట్టు తామరాకులో పట్టాను. ఇరవై రెండేళ్ళుగా ఆ తలకి నూనె రాసింది నేనే, తెల్లబడ్డాక రంగు వేసింది నేనే, ఆఖరికి కోసిందీ నేనే. కనుబొమలు కూడా గీసేశాక మొహం ఒలిచిన కోడిగుడ్డులా అయిపోయింది. నవ్వొచ్చింది. నవ్వకూడదని పెదవి కొరుక్కుంటే ఏడుపొచ్చింది. పక్కనున్న ఆడవాళ్ళు "సేంగ్లాకి ఎంత భక్తో చూడండి" అనుకున్నారు. అనుకోనీ.

వెళ్తూ వెళ్తూ నాకు అప్పగించింది బండి కాదు, తోట కాదు, చేపని. రెండు లీటర్ల గాజు గిన్నెలో నా వేలంత ఎర్ర చేప. పేరు కమ్నాన్. అద్దం చూపిస్తే మొప్పలు విప్పుకుని, ఎన్నికల ముందు మా ఊరి పెద్ద, అంటే కమ్నాన్, ఛాతీ విరుచుకుని తిరిగినట్టు తిరుగుతుంది, అందుకని ఆ పేరు. భిక్షువు దగ్గర పోట్లాట చేప ఉంటే బాగోదని విహారంలో పెద్ద గురువుగారు అన్నారట. భార్య దగ్గర ఉంటే మాత్రం బాగుంటుంది కాబోలు.

పొద్దున నాలుగు గింజలు, సాయంత్రం నాలుగు. నీళ్ళలో ఎండిన బాదం ఆకు. రోజుకోసారి కాసేపు అద్దం, లేకపోతే బద్ధకం పట్టేస్తుందట. ఇవన్నీ రెండుసార్లు చెప్పాడు. చలి వస్తే చేపని ఏం చెయ్యాలో చెప్పలేదు. "చలి ముదిరేలోపు వచ్చేస్తాలే" అన్నాడు.

ఎప్పుడని అడిగితే నా మొహంలోకి చూసి, "అది నువ్వు కదా చెప్పాలి" అన్నాడు. ఈలోగా ఊరేగింపు డప్పులు మొదలయ్యాయి.

నవంబరు 29

ఆరింటికి మా వీధిలోకి ఐదుగురు భిక్షువులు వస్తారు. కొత్తగా చేరినవాడు చివర నడవాలి. ఐదోవాడు ఇన్‌సోమ్, అంటే మా ఆయన. చెప్పులు విప్పి, రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, నా మొగుడి పాత్రలో నేనే జిగురన్నం, కాల్చిన పంది మాంసం పొట్లం వేసి దండం పెట్టాలి. ఆయన తల ఎత్తడు. ఎత్తకూడదట. వారం కిందటిదాకా అదే మాంసం నోట్లో పెట్టుకున్న మరుక్షణం "ఉప్పు ఎక్కువైంది" అనేవాడు. ఇప్పుడు నాకు దీర్ఘాయువు, మంచి రంగు, సుఖం, బలం కలగాలని పాళీలో దీవిస్తున్నాడు.

డిసెంబరు 4

చలి దిగింది. గోడ మీది థర్మామీటరు పద్నాలుగు చూపిస్తోంది. పక్కింటి పెద్దాయన లుంగ్ మువాన్ వెల్లుల్లి మడి పక్కన మంట వేసుకుని కూర్చున్నాడు. చేప ఆకు కింద నక్కింది.

డిసెంబరు 5

కమ్నాన్ తినలేదు. నాకేంటి.

డిసెంబరు 6

ఇవాళా తినలేదు. అద్దం చూపిస్తే కన్ను కూడా తిప్పలేదు. గిన్నె అడుగున పక్కకి ఒరిగి పడుకుంది. చచ్చిందనుకుని కదిపితే మొప్ప కదిలింది. చేపలకి చలేస్తుందని ఎవరికి తెలుసు, నీళ్ళలో ఉండేవాటికి. అసలు దక్షిణాన వెచ్చటి కాలవల్లో పుట్టాల్సిన జాతిని ఈ కొండల్లోకి తెచ్చింది ఎవరు? ఆయన.

జిగురన్నం ఆవిరికి పెట్టిన కుండలో వేణ్ణీళ్ళు మిగిలితే ఒక గరిటెడు పోశాను. అంతవరకూ శవంలా ఉన్నది ఒక్క ఎగురు ఎగిరి నేల మీద పడింది. అన్నం కలిపే చెక్కతో ఎత్తి మళ్ళీ గిన్నెలో వేశాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన కూడా నన్ను ఇంత హడలగొట్టలేదు. ఒక్కసారి తప్ప.

డిసెంబరు 9

గిన్నెని పొయ్యి పక్కకి మార్చాను. తెల్లవారుజామున మూడున్నరకి అన్నం పొయ్యెక్కితే ఐదింటికల్లా కమ్నాన్ హుషారుగా తిరిగాడు, గింజలు తిన్నాడు. నేను సంతకి వెళ్ళి, అన్నం, మాంసం అమ్ముకుని తొమ్మిదికి వచ్చేసరికి పొయ్యి చల్లారిపోయింది, నీళ్ళు చల్లారిపోయాయి, చేప మళ్ళీ అడుగున. పూటలో రెండు ఋతువులు పడుతున్నాయి పాపం దానికి.

లుంగ్ మువాన్ నిప్పు కోసం వచ్చి పొయ్యి పక్క గిన్నె చూశాడు. కూరలోకి వెల్లుల్లి కావాలంటే మొహమాటపడకుండా అడగమన్నాడు. భార్య పోయి పదేళ్ళయింది, వెక్కిరించడానికి మనిషి లేక నా వెంట పడతాడు.

ఐదోవాడికి దగ్గు వస్తోంది. కాషాయం ఎంత పల్చగా ఉంటుందో పొద్దున మొదటిసారి గమనించాను.

డిసెంబరు 12

చెయ్యి ఇంకా తిమ్మిరిగా ఉంది, అయినా రాస్తాను.

నిన్న ఫాంగ్ బజారులో చేపల కొట్టుకి వెళ్ళి గిన్నె కొలత చేత్తో చూపించి, వేడిచేసేది ఏదైనా ఇమ్మన్నాను. గాజు పుల్ల లాంటిది ఇచ్చాడు. నీళ్ళలో ముంచి ప్లగ్గు పెట్టెయ్యండి, అంతే అన్నాడు. అది తనంతట తాను ఆగదని చెప్పలేదు. అది పెద్ద తొట్టెలకి పెట్టేదని కూడా చెప్పలేదు. పొద్దున పెట్టేసి సంతకి పోయాను.

వచ్చేసరికి గిన్నె అద్దానికి ఆవిరి పట్టింది. కమ్నాన్ పైకి తేలి నోరు తెరుచుకుంటున్నాడు. వెంటనే చెయ్యి ముంచాను. కరెంటు కొట్టి భుజం దాకా జివ్వుమంది. అరిచానట, నాకు గుర్తులేదు. లుంగ్ మువాన్ కంచె దాటి వచ్చి గోడలోంచి ప్లగ్గు లాగేశాడు. ఆయన్ని అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు.

"ముందు ప్లగ్గు, తర్వాత చెయ్యి. ఏం మనిషివమ్మా నువ్వు? చేప కోసం చస్తావా?"

చన్నీళ్ళు కుమ్మరించబోతే అదీ వద్దన్నాడు, వేడి నుంచి ఒక్కసారి చలికి వస్తే మనిషే తట్టుకోలేడన్నాడు. కిటికీ తెరిచి ఇద్దరం కూర్చుని నీళ్ళు వాటంతట అవి చల్లారేదాకా చూశాం. ఇద్దరు పెద్దవాళ్ళు, పన్లు మానుకుని. మధ్యాహ్నానికి చేప తోక ఆడించింది.

నాకు ఏడుపొచ్చింది. చెయ్యి నొప్పికి.

డిసెంబరు 13

కమ్నాన్ బతికితే ఆయన ఇంటికొస్తాడని పొద్దున పళ్ళు తోముకుంటూ అనుకున్నాను. నేను అలాంటివి నమ్మను.

డిసెంబరు 14

నమ్మను.

డిసెంబరు 16

ఇక లాభం లేదని మా ఆయన్నే అడుగుదామని విహారానికి వెళ్ళాను. ఆడమనిషి ఒంటరిగా భిక్షువుతో మాట్లాడకూడదు కాబట్టి లుంగ్ మువాన్‌ని వెంటబెట్టుకున్నాను. సొంత మొగుడితో మాట్లాడ్డానికి పక్కింటాయన సాక్ష్యం.

అరుగు మీద ఆయన, నాలుగడుగుల దూరంలో కింద చాప మీద మేము. నేను మూడుసార్లు మొక్కి, "లువాంగ్ పీ" అని మొదలుపెట్టాను. కుర్ర భిక్షువుల్ని అలాగే పిలవాలి, అన్నగారూ అని. యాభై ఒక్కేళ్ళ మనిషి కుర్ర భిక్షువు.

"చెప్పండి యోమ్," అన్నాడు.

భిక్షువులు గృహస్థుల్ని అలాగే పిలుస్తారు, నాకు తెలుసు. అయినా ఒళ్ళు మండింది. యోమ్ అట. నా మోకాళ్ళ నొప్పికి వెల్లుల్లి నూనె రాసిన చేతులు ఒడిలో ముడుచుకుని, కళ్ళు దించుకుని, యోమ్ అట.

చేప సంగతంతా చెప్పాను, గరిటెడు వేణ్ణీళ్ళు, పొయ్యి, గాజు పుల్ల. గాజు పుల్ల దగ్గరికి వచ్చేసరికి లుంగ్ మువాన్ నా చెయ్యి సంగతి కూడా చెప్పేశాడు. మా ఆయన కళ్ళు పైకి లేచాయి, మళ్ళీ దిగిపోయాయి.

తర్వాత మెల్లగా చెప్పాడు. కొంచెం నీళ్ళు తొందరగా వేడెక్కుతాయి, తొందరగా చల్లారతాయి, వాటిని నేరుగా వేడి చెయ్యకూడదు. పెద్ద పెట్టెలో నీళ్ళు పోసి, అంకె తిప్పితే అక్కడికి ఆగే రకం హీటరు ఆ బయటి నీళ్ళలో పెట్టాలి, చేప గిన్నెని మధ్యలో నిలబెట్టాలి. గిన్నె అంచు పైకి ఉండాలి. హీటరు ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండాలి. గిన్నెలో థర్మామీటరు వేసి ఇరవై ఆరు దగ్గర ఉంచాలి. ఒక్క రోజులో పెంచొద్దు, రోజుకి రెండు మూడు చొప్పున పెంచాలి. చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తియ్యాలి. ప్లగ్గు మాట రెండుసార్లు అన్నాడు.

ఇంత తెలిసినవాడు వెళ్ళేటప్పుడు చెప్పొచ్చు కదా. ఆ మాటే అన్నాను. చలి ముదిరింది లువాంగ్ పీ, ముదిరేలోపు వస్తానన్నారు, ఎప్పుడొస్తారు అని కూడా అడిగేశాను. లుంగ్ మువాన్ గొంతు సవరించుకుని పైకప్పు వైపు చూశాడు.

"మొక్కుకున్నది నేను కాదు కదా యోమ్. ఎన్నాళ్ళకి మొక్కారో చెబితే అన్నాళ్ళూ ఉండి వస్తాను. ఇప్పటికి నాలుగుసార్లు అడిగాను, ప్రతిసారీ తర్వాత చెప్తానన్నారు. లెక్క తీరకుండా వస్తే ఆ దోషం మొక్కుకున్నవాళ్ళకి తగులుతుంది. మీకు తగిలేదాన్ని నేను తీసుకురాలేను."

నేను మళ్ళీ మూడుసార్లు మొక్కి లేచి వచ్చేశాను.

డిసెంబరు 17

తొమ్మిది రోజులని చెప్పేస్తే పోయేది. అందరూ తొమ్మిదే మొక్కుతారు. తొమ్మిది ఎప్పుడో దాటిపోయింది కూడా.

డిసెంబరు 18

అబద్ధం చెప్పను. నా మొక్కు విన్న దేవుడు చావ్ పో ఇదీ వింటాడు.

డిసెంబరు 19

పెద్ద పెట్టె ఇంట్లో ఒకటే ఉంది, అన్నం వేడిగా ఉంచే నా ఐస్ పెట్టె. దాన్నే ఇచ్చేశాను. అంకె తిప్పే హీటరు తెచ్చాను. ఈసారి కొట్టువాడి చేత ఒక బకెట్లో పెట్టించి, ఆగిందాకా నిలబడి చూసి మరీ తెచ్చాను. వాడు విసుక్కున్నాడు. నా చెయ్యి చూపిస్తే ఊరుకున్నాడు.

గిన్నె కింద పెట్టడానికి ఏమీ దొరక్క పచ్చళ్ళ రోలు తిరగేసి పెట్టాను. కమ్నాన్‌గారు ఇప్పుడు నా రోలు మీద, నా అన్నం పెట్టెలో, నా కరెంటుతో స్నానం చేస్తున్నారు. ఇవాళ్టికి పంతొమ్మిది డిగ్రీలు.

డిసెంబరు 22

ఇరవై ఆరు. తిన్నాడు. అద్దం చూపిస్తే మొప్పలు విప్పి నా మీదికే వచ్చాడు. సంతలో మాత్రం అన్నం చల్లగా ఉందని ముగ్గురు తిట్టారు. పెట్టె ఏమైందంటే చేపకి ఇచ్చానని ఎలా చెప్తాను? విరిగిందన్నాను.

డిసెంబరు 26

ఎనిమిది డిగ్రీలు. పొద్దున్నుంచీ కరెంటు లేదు. లైను మారుస్తున్నారట, సాయంత్రానికి వస్తుందట. సంత మానేశాను. పొయ్యి మీద నీళ్ళు కాచి, సీసాల్లో పోసి, మూతలు బిగించి, బయటి నీళ్ళలో వేస్తున్నాను. గంటకోసారి మారుస్తున్నాను. పెట్టె మీద ఆయన పాత ఉన్ని చొక్కా కప్పాను, గాలాడ్డానికి ఒక పక్క వదిలాను. ఇరవై నాలుగు. ఇరవై మూడు. సీసాలు మార్చాక మళ్ళీ ఇరవై నాలుగు.

వేరే పని లేదు కాబట్టి రాసేస్తాను. ఎవరూ చదవరు కదా.

సెప్టెంబరులో వానకి ఆయన బండి చావ్ పో మలుపు దగ్గర బోల్తా పడింది. బండిలో ప్రయాణికులు ఎవరూ లేరు, అది అదృష్టం. కడుపు లోపల చితికిందన్నారు. ఆపరేషను ఎంతసేపో చెప్పలేమన్నారు. ఆసుపత్రి బల్ల మీద కూర్చోలేక నేను ఆ మలుపు దగ్గరికే వెళ్ళాను. అక్కడి చావ్ పో మాట మీద నిలబడే దేవుడు, ఇచ్చిన మాట అవతలివాళ్ళ చేత కూడా నిలబెట్టిస్తాడు. అందుకే ఆయన దగ్గర మొక్కేటప్పుడు జాగ్రత్తగా మొక్కాలని మా అమ్మ చెప్పేది. నైవేద్యానికి ఎన్ని గుడ్లు, ఏ రోజు, ఎన్నాళ్ళు, అన్నీ విప్పి చెప్పాలి. సంతలో బేరం చేసే నోరు నాది, వెంట్రుక వాసి మోసపోను.

ఆ రోజు నేను అన్నది ఇది. బతికించు, కాషాయం కట్టిస్తాను. నాకు ఇవ్వకపోయినా పర్లేదు. ఎక్కడో ఒకచోట బతికుంటే చాలు.

అంతే అన్నాను. లెక్క మర్చిపోయాను అని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకుంటున్నాను. మర్చిపోలేదు. ఆ నిమిషంలో నిజంగానే నాకు అక్కర్లేకపోయింది. ఇప్పుడు కావాలి. అదే నా తప్పు. ఎన్నాళ్ళని ఆయన అడిగితే ఏం చెప్పను? జన్మంతా ఇచ్చేశానని చెప్పనా? చెబితే ఉండిపోతాడు, నా మీదికి దోషం రాకూడదని. చెప్పకపోయినా ఉండిపోతాడు.

ఇరవై రెండు. సీసాలు మార్చాలి.

డిసెంబరు 26, సాయంత్రం

కరెంటొచ్చింది. కమ్నాన్ బతికే ఉన్నాడు.

జనవరి 2

చెప్పేశాను. పెద్ద గురువుగారి ముందు, ఆయన ముందు, లుంగ్ మువాన్ ముందు. ఒక్క ముక్క దాచకుండా. తల వంచుకునే చెప్పాను కాబట్టి ఎవరి మొహం ఎలా ఉందో తెలీదు.

పెద్ద గురువుగారికి ఎనభై దాటాయి. నములుతున్న తమలపాకు దవడకి నెట్టుకున్నారు. తర్వాత కాషాయం కట్టిస్తానన్నావు, కట్టించావు, మొక్కు ఆ పూటే తీరింది కదమ్మా అన్నారు. నాకు ఇవ్వకపోయినా పర్లేదన్నానే అన్నాను.

"పర్లేదన్నావు. ఇవ్వొద్దని అనలేదుగా. ప్రాణం పోతుంటే మనిషి అనే మాటని దేవుడు బాకీల వాడిలా రాసుకుంటాడా? ఉండడం, వెళ్ళడం ఇక ఈ భిక్షువు ఇష్టం. నీదీ కాదు, ఆ మలుపు దగ్గరాయనదీ కాదు."

ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మొగుడు ఇప్పుడేదో ఒకటి అంటాడని తల ఎత్తాను. ఆయన కళ్ళు నేల మీదే ఉన్నాయి.

"నీళ్ళు ఎంతలో ఉన్నాయి యోమ్?" అన్నాడు.

ఇరవై ఆరన్నాను. గిన్నెలోనా, పెట్టెలోనా అన్నాడు. గిన్నెలోనే అన్నాను. తల ఊపాడు. అంతే.

గుండె కోసి చాప మీద పెడితే ఈయన చేప నీళ్ళు అడిగాడు. ఇంటికొచ్చి వంట గిన్నెలు ఎత్తి కుదేశాను. రెండు సొట్టపోయాయి.

జనవరి 3

ఐదోవాడు ఇవాళా తల ఎత్తలేదు.

జనవరి 4

దగ్గు తగ్గినట్టుంది. నడక కూడా ఇదివరకులా ఒక పక్కకి వంగట్లేదు. కుట్లు బాగా మానినట్టున్నాయి. ఉండనీ. బతికున్నాడు, రోజూ కళ్ళారా చూస్తున్నాను. నేను అడిగింది అదే.

జనవరి 5

అడిగింది అదే, నిజమే. అయినా చేపని చేతికిచ్చి పోయినవాడి మీద కోపం తగ్గదు, ఏం చేస్తే తగ్గుతుందో తెలీట్లేదు.

కమ్నాన్ నీళ్ళ మీద తెల్లటి నురగతో గూడు కట్టాడు. సుఖంగా ఉన్న మగ చేప అలా కడుతుందట, ఆయనే ఎప్పుడో చెప్పాడు. ఇంత చలిలో, ఆడ చేప జాడ కూడా లేని చోట, ఎవరి కోసం కడుతున్నాడో.

జనవరి 6

లుంగ్ మువాన్ వచ్చి వెల్లుల్లి మడిలో దిష్టిబొమ్మకి మా ఆయన పాత ప్యాంటు ఒకటి కావాలన్నాడు. మోకాలి దగ్గర చిరిగింది ఇస్తే వద్దన్నాడు. నల్లది ఇస్తే రంగు వెలిసిందన్నాడు. ఆఖరికి పెళ్ళిళ్ళకి వేసుకునే ఇస్త్రీ ప్యాంటు, దాని మీదికి చొక్కా, బెల్టు కూడా పట్టుకుపోయాడు. వెల్లుల్లి తినే పిట్ట ఏదో నేను ఇంతవరకూ చూడలేదు. ముసలితనం వస్తే ఇంతే. తిట్టడానికి ఓపిక లేక ఇచ్చేశాను.

జనవరి 7

ఐదు పొట్లాలతో మోకాళ్ళ మీద కూర్చున్నాను. నలుగురే వచ్చారు.

మళ్ళీ లెక్కపెట్టాను. నలుగురే. చివరివాడి వెనక రోడ్డు ఖాళీగా ఉంది. ఏమైందని అడగకూడదు, వాళ్ళు దీవించి ముందుకి వెళ్ళిపోయారు. మోకాళ్ళ కింద రోడ్డు చల్లగా ఉందని అప్పుడు తెలిసింది. దగ్గు తిరగబెట్టిందా. ఆసుపత్రిలో పెట్టారా. వేరే విహారానికి పంపేశారా, నేను అన్నీ చెప్పేశాను కాబట్టి, రోజూ దారిలో నా మొహం కనపడకుండా. ఐదో పొట్లం చేతిలో పట్టుకుని నడిచాను. చెప్పులు అక్కడే మర్చిపోయాను.

వంటింటి తలుపు తీసే ఉంది.

దిష్టిబొమ్మకిచ్చిన ఇస్త్రీ ప్యాంటు వేసుకుని, చొక్కా చేతులు పైకి మడుచుకుని, గుండు, సగం మొలిచిన కనుబొమలు, మోచేతి దాకా చెయ్యి ఐస్ పెట్టె నీళ్ళలో పెట్టి వంగి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వబోయాడు.

"రోలు ఎందుకు పెట్టావు సేంగ్లా, ఇటుక ఉంటే..."

"ఏమయ్యా, ముందు ప్లగ్గు, తర్వాత చెయ్యి! నాకు చెప్పడమేనా?"

చెయ్యి లాక్కున్నాడు. ఇద్దరం గోడ వైపు చూశాం. ప్లగ్గు పెట్టే ఉంది. నేనే వెళ్ళి లాగేశాను. ఆరు వారాల తర్వాత నా మొగుడితో నేను మాట్లాడిన మొదటి మాట అది. లుంగ్ మువాన్ కంచె అవతల దగ్గుతున్నాడు, దగ్గు రాకపోయినా.

తెల్లవారుజామున మంచి ఘడియ చూసి పెద్ద గురువుగారు కాషాయం విప్పించి పంపించారట. ముందే ఎందుకు చెప్పలేదంటే, నువ్వూ ముందే చెప్పలేదుగా అన్నాడు.

ఐదో పొట్లం విప్పి ఆయన ముందు పెట్టాను. పొయ్యి దగ్గర కూర్చుని తిన్నాడు. ఉప్పు ఎక్కువైందన్నాడు.